పన్నెండు పేర్ల కొట్టు

షహజాదికి కోపం వస్తే అరవదు. కుట్టుమిషను ఆపేస్తుంది. విజయవాడ వన్‌టౌన్‌లో, వించిపేట సందులో, పొద్దున ఎనిమిదింటికి మొదలైన ఆ మిషను చప్పుడు పొద్దుగూకేదాకా ఆగేది కాదు. వేళ కాని వేళ ఆగిందంటే ఎదురింటి శౌరమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఇవాళ ఎవరికో మూడింది" అనేది. 2006 ఫిబ్రవరిలో ఆ మిషను వరసగా తొమ్మిది రోజులు ఆగింది.

ఆ తొమ్మిది రోజుల సంగతి చెప్పాలంటే ముందు ఆమె తండ్రి మదార్ సాహెబ్ సంగతి చెప్పాలి. ఆయన నాటకాల వాళ్లకి దుస్తులు కుట్టేవాడు. రాజుల అంగరఖాలు, రాక్షసుల జరీ కోట్లు, ఆడవేషాలకి జాకెట్లు. నాటకం కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాక కూచిపూడి నుంచి గురువులు బస్సెక్కి వచ్చి, నాట్యం దుస్తులు కుట్టమన్నారు. ఆ దుస్తుల్లో కష్టమంతా ముందువైపు కుచ్చిళ్లలో ఉంటుంది. పిల్ల మోకాళ్లు వంచి నిలబడగానే కుచ్చిళ్లు విసనకర్రలా విచ్చుకోవాలి. లేవగానే ఎక్కడివక్కడ ముడుచుకోవాలి. విచ్చుకోవడానికేం, ఎవరు కుట్టినా విచ్చుకుంటాయి. ముడుచుకోవడం దగ్గరే వస్తుంది చిక్కంతా. ముడుచుకోని కుచ్చిళ్లు కాళ్లకి అడ్డం పడితే పిల్ల వేదిక మీద బోర్లా పడుతుంది. మదార్ సాహెబ్ కుట్టిన దుస్తులు వేసుకుని ఒక్క పిల్ల కూడా పడలేదని గురువులే చెప్పేవారు.

ముగ్గురు కూతుళ్లలో షహజాది ఒక్కతే ఆ పని పట్టింది. తొంభై ఒకటిలో తండ్రికి చేతులు వణకడం మొదలైంది. గుడ్డ ఆమె చేతిలో పెట్టి, పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని చెప్పేవాడు. తప్పు కుడితే తిట్టేవాడు కాదు. కుట్టంతా విప్పదీసి మళ్లీ ఇచ్చేవాడు. ఒకసారి ఒకే నడుం పట్టీని పదకొండుసార్లు విప్పాడు. పదకొండోసారి ఆమె కాళ్లు మిషను మీంచి తీసేసి గోడకేసి చూస్తూ కూర్చుంది.

"కోపం వచ్చిందా? రానీ," అన్నాడాయన. "కోపంలో మాత్రం కుట్టకు. పడే కుట్టు మన చేతిది కాదు, కోపానిది అవుతుంది."

తొంభై ఏడులో ఆయన పోయాడు. 'మదార్ సాహెబ్ నాట్య దుస్తులు' అన్న బోర్డు మాత్రం అలాగే ఉంది. షహజాది ఏడాదికోసారి దానికి రంగు వేయించేది. ఆమె భర్త అఫ్రాజ్ బందరు రూటులో ఆర్టీసీ కండక్టరు. నోరు మెదపని మనిషి. "నీ కోపానికి నా నిదానానికి చెల్లు" అని నవ్వేవాడు.

రాగిణి ఆ కొట్టుకి మొదటిసారి వచ్చింది 2002లో. గవర్నర్‌పేటలో వెబ్‌సైట్లు చేసే చిన్న ఆఫీసులో పనిచేసేది. చిన్నప్పుడు నాట్యం నేర్చుకుంది. పాత దుస్తులు తన అక్క కూతురికి సరిచేయించాలని తెచ్చి, లోపలున్న కొత్త కుట్లు చూసి అక్కడే కూలబడింది.

"అక్కా, ఈ పని విజయవాడలోనే ఉండిపోతే ఎలా? దేశదేశాల్లో మనవాళ్లు డాన్స్ స్కూళ్లు నడుపుతున్నారు. వాళ్లకి తెలియద్దూ?"

ఫొటోలు తనే తీసింది. నాలుగు పేజీల సైటు తనే చేసింది. పేరేం పెడదామంటే షహజాది ఆలోచించలేదు. "బోర్డు మీద ఏముంది? అదే పెట్టు," అంది. అలా మదార్ సాహెబ్ పేరుతోనే ఒక డాట్ కామ్ పుట్టింది. రాగిణి దాన్ని షహజాది పేరున, ఆమె చిరునామాతో రిజిస్టరు చేయించి ఆ కాగితం చేతికిచ్చింది. షహజాది దాన్ని రేషన్ కార్డుతోపాటు బీరువాలో పెట్టింది.

మొదటి ఏడాది ఒక్కరూ పలకలేదు. రెండో ఏడు పూనా నుంచి జానకి గారు ఫోన్ చేశారు. అవనిగడ్డలో పుట్టి, మొగుడి ఉద్యోగం వల్ల పూనా చేరి, అక్కడ అరవైమంది పిల్లలకి నాట్యం నేర్పే మనిషి. ఆరుగురికి కుట్టించుకున్నారు. నచ్చి, తన స్కూలు సైట్లో "మా దుస్తులు ఇక్కడివి" అని రాసి, ఈ సైటు లింకు పెట్టారు. ఆవిడని చూసి మద్రాసు వాళ్లు, వాళ్లని చూసి సింగపూరు వాళ్లు. మూడో ఏటికి గూగుల్‌లో కూచిపూడి దుస్తులని ఇంగ్లీషులో కొడితే మదార్ సాహెబ్ పేరు మొదటి పేజీలో అయిదో వరసలో కనబడేది. షహజాది ఆదివారం ఆదివారం వీధి చివర ఇంటర్నెట్ సెంటరుకి వెళ్లి, ఆ పేరు కొట్టి, చూసుకుని వచ్చేది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివేది కానీ తండ్రి పేరు గుర్తుపట్టడానికి చదువెందుకు?

ఆ మొదటి పేజీలో రెండో వరసలో ఉన్నది ఒక ఫ్యాక్టరీ. ఏ ఊళ్లోదో. మిషన్ల మీద వందలకి వందలు కుట్టి, అట్టపెట్టెల్లో పంపేవాళ్లు. ఆ ఫొటోల్లో కుచ్చిళ్లు చూస్తే ఆమెకి ఒళ్లు మండేది. "ముడుచుకునే కుచ్చిళ్లు కావవి. చూస్తేనే తెలుస్తోంది. వీళ్లు నా పైన ఉండటమేంటి?" అని అఫ్రాజ్‌తో అనేది. వారం వారం ఆ మంట పెరుగుతూ వచ్చింది. వేదవ్యాస్‌కి దొరికింది ఆ మంటే.

వేదవ్యాస్ బీసెంట్ రోడ్డు పక్క సందులో, బట్టల కొట్టు పై అంతస్తులో కొత్తగా ఆఫీసు తెరిచాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట. రాగిణి పాత ఆఫీసు మూతపడితే ఆమెనీ, ఆమె చేతిలో ఉన్న సైట్లనీ కలిపి తీసుకున్నాడు. 2005 దసరా వెళ్లాక ఒకరోజు స్వయంగా వించిపేట వచ్చి, చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చున్నాడు.

"షహజాది గారూ, మీకు ఒక్కటే కొట్టుంది. అదే బెంజి సర్కిల్లో ఒకటి, గన్నవరంలో ఒకటి, మంగళగిరిలో ఒకటి ఉంటే వ్యాపారం పెరగదూ? ఇంటర్నెట్లో అది తేలికండీ. కట్టుబడి లేదు, అద్దె లేదు. పేరు కొంటే చాలు."

"పేరు కొంటే సరుకెక్కడిది?"

"సరుకు ఇదే. సైటూ ఇదే. కూచిపూడి డ్రెస్ అని ఒక పేరు, కూచిపూడి కాస్ట్యూమ్స్ అని ఒకటి, డాన్స్ డ్రెస్ విజయవాడ అని ఒకటి... పదకొండు పేర్లు చూసి పెట్టాను. ఏది కొట్టినా మీ సైటే తెరుచుకుంటుంది. మొదటి పేజీలో పది చోట్లుంటాయి. పదీ మీవే కావచ్చు. ఆ ఫ్యాక్టరీ వాడు రెండో పేజీకి పోతాడు."

ఆ చివరి మాట ఆమె చెవిలో పడింది. మిగతావి పడ్డాయో లేదో.

"మరి మా అబ్బాజాన్ పేరు?"

"అదీ ఉంటుందండీ, ఎక్కడికీ పోదు. కాకపోతే మదార్ సాహెబ్ అని ఎవరు టైప్ చేస్తారు చెప్పండి? దాన్ని చివర్లో ఉంచుదాం."

సాయంత్రం అఫ్రాజ్ డ్యూటీ దిగి వచ్చి విన్నాడు. "ఒక్క బస్సుకి పన్నెండు ఊళ్ల బోర్డులు కడితే ఎవడెక్కుతాడు షహజాదీ? అది బందరు పోతుందో నూజివీడు పోతుందో తెలియక అందరూ దిగి నిలబడతారు," అన్నాడు.

"నీకు బస్సులు తప్ప ఏం తెలుసు?" అంది. మర్నాడు వేదవ్యాస్ తెచ్చిన నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టింది. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. "రెన్యువల్ కాగితాలండీ, మామూలే," అన్నాడతను.

మొదటి నెల పండగే. ఆదివారం ఇంటర్నెట్ సెంటర్లో కొట్టి చూస్తే పదిలో నాలుగు తనవే. నాలుగు పేర్లు, నాలుగింటి వెనకా తన కుచ్చిళ్లే. ఇంటికొస్తూ శౌరమ్మకి కూడా చెప్పింది. డిసెంబరులో నాలుగు ఒకటయ్యాయి. జనవరి రెండో ఆదివారం ఒకటీ లేదు. రెండో పేజీ చూసింది. మూడోది చూసింది. తొమ్మిదో పేజీ దాకా వెళ్లింది. బొమ్మలకి వేసే దుస్తులు వచ్చాయి, పెళ్లి షేర్వాణీలు వచ్చాయి. మదార్ సాహెబ్ లేడు. చివరికి తండ్రి పేరే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. ఎవరో మదార్ సాహెబ్ అనే ఆయన టెలిఫోన్ నంబరు వచ్చింది. ఆయనది గుంటూరట.

స్కూళ్ల వార్షికోత్సవాల కాలం అది. ఏటా ఆ రోజుల్లో ఫోన్ కింద పెట్టడానికి తీరేది కాదు. ఆ ఏడు ఫోన్ పనిచేస్తోందో లేదో చూడమని అఫ్రాజ్ చేత బస్టాండు నుంచి రెండుసార్లు చేయించుకుంది.

వేదవ్యాస్ దగ్గరికి వెళ్లింది. అతను కుర్చీ చూపించి, కూల్‌డ్రింకు తెప్పించి, "పోటీ పెరిగిందండీ. పన్నెండు చాలవు. ఇంకో ఎనిమిది తీసుకుందాం," అన్నాడు.

"పన్నెండుతో మాయమైన కొట్టు ఇరవైతో ఎలా కనబడుతుంది?"

"అది టెక్నికల్ అండీ. మీకు అర్థం కాదు."

ఆమె కూల్‌డ్రింకు ముట్టుకోకుండా లేచి, "వద్దు," అని మెట్లు దిగింది. పక్క బల్ల దగ్గరున్న రాగిణి తలెత్తలేదు. అది షహజాదికి గుర్తుండిపోయింది.

ఫిబ్రవరి మొదటి వారంలో పూనా నుంచి ఒక పార్సెలు వచ్చింది. విప్పితే ఎర్రపట్టు నాట్యం దుస్తులు, మీద తెలుగులో ఉత్తరం. జానకి గారి చేతిరాత.

"షహజాది గారికి. ఈసారి మీ సైటులోంచే ఆర్డరు పెట్టాను. పాత పేరు దొరకక కూచిపూడి డ్రెస్ అన్న పేరులోకి వెళ్లాను. మీ ఫొటోలే ఉన్నాయి కనుక మీరేనని నమ్మాను. వచ్చిన దుస్తులు ఇవి. మొన్న ప్రదర్శనలో మా అమ్మాయి కుచ్చిళ్లు కాళ్లకి చుట్టుకుని పడింది. ముంజేయి విరిగింది. మీ నాన్నగారి పేరు ఇలా చేస్తారనుకోలేదు."

షహజాది ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. దుస్తులు తిరగేసి లోపలి కుట్టు చూసింది. కుచ్చిళ్ల వెనక ఉండాల్సిన గట్టి గుడ్డ లేదు. మడతలు దారంతో కాదు, జిగురుతో అంటించారు. ఆమె చేతి పని కాదది. ఆమె కళ్ల ముందు ఆ ఫ్యాక్టరీ అట్టపెట్టెలు కనబడ్డాయి. మిషను ఆపేసింది. శౌరమ్మ గుమ్మంలోకి వచ్చి, ఆమె మొహం చూసి, ఈసారి ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే రాగిణికి కబురు పెట్టింది. రాగిణి వచ్చి గుమ్మం బయటే నిలబడింది. షహజాది ఉత్తరం చేతికిచ్చింది. రాగిణి చదివి కాగితం మడిచింది.

"కూచిపూడి డ్రెస్ అన్న పేరు తెరిస్తే ఇప్పుడు ఎవరి కొట్టు వస్తోంది?"

"ఆ ఫ్యాక్టరీ వాళ్లదక్కా. మీరు ఎనిమిది పేర్లు వద్దన్నాక సార్ వాళ్లతో మాట్లాడుకున్నారు. మూడు పేర్లు వాళ్లకి తిప్పారు. ఫొటోలు మీవే ఉంచారు."

"నా పేర్లు వాడెలా తిప్పుతాడు?"

"అవి మీ పేరున లేవక్కా. ఆయన కంపెనీ పేరున కొన్నారు." రాగిణి ఉత్తరం తిరిగిస్తూ, "మీ నాన్నగారి పేరు కూడా. రెన్యువల్ అని సంతకం పెట్టించుకున్న కాగితాల్లో ఒకటి అదే," అంది.

షహజాది పీట మీద కూర్చుంది.

"మిగతా తొమ్మిదీ నా కొట్టునే చూపిస్తున్నాయిగా. మరి నేనెందుకు కనబడటం లేదు?"

రాగిణి నేల మీద కూర్చుని, తనకి తెలిసినంత తేటగా చెప్పింది. "ఒకే పేజీ పన్నెండు పేర్లతో కనబడితే అసలుదేదో గూగుల్‌కి తెలీదక్కా. ఒకటి ఉంచి మిగతావి పక్కన పెడుతుంది. ఏది ఉంచాలో మన చేతుల్లో లేదు. జానకి గారి లాంటి వాళ్లు వాళ్ల సైట్లలో మన లింకు పెట్టారు చూడండి, ఆ మంచిమాటలే మనకి బలం. సార్ వాళ్లందరికీ మెయిళ్లు రాయించి, ఒకరి చేత ఒక పేరు, ఇంకొకరి చేత ఇంకో పేరు పెట్టించారు. ఒక్కచోట ఉన్న బలం పన్నెండు ముక్కలైంది. అంతటితో ఊరుకోలేదు. ప్రతి పేజీ కింద తెల్ల కాగితం మీద తెల్ల సిరాతో రాసినట్టు, మనిషి కంటికి కనబడకుండా కూచిపూడి కూచిపూడి అని వందసార్లు రాయించారు. ఇది మోసం అనుకుని గూగుల్ మొత్తానికే తీసి పారేసింది."

"రాయించారు అంటున్నావు. రాసిందెవరు?"

"నేనే."

"తప్పని తెలిసి రాశావా?"

"తెలిసే రాశానక్కా. వద్దని ఒకసారి చెప్పాను. చెప్పింది చెయ్యి అన్నారు. నా జీతంతోనే మా ఇల్లు నడుస్తుంది."

"నీ ఇల్లు నడవడానికి నా ఇల్లు ఆపావా?"

రాగిణి ఏడ్చింది. షహజాది ఓదార్చలేదు. కొంగు అందించలేదు, మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. "మళ్లీ తెచ్చుకోవాలంటే ఏం చెయ్యాలో అది చెప్పు," అంది.

"ముందు పేర్లు మీ చేతికి రావాలి."

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి షహజాది జానకి గారు తిప్పి పంపిన దుస్తులు, కత్తెర, సూదీదారం, గట్టిగుడ్డ ఒక సంచిలో పెట్టుకుని వేదవ్యాస్ ఆఫీసు మెట్లెక్కింది. వచ్చిపోయేవాళ్లు కూర్చునే బెంచీ మీద కూర్చుని, దుస్తులు ఒళ్లో పరిచి, జిగురు మడతలు విప్పడం మొదలుపెట్టింది.

వేదవ్యాస్ గదిలోంచి బయటికొచ్చాడు. "ఏంటండీ ఇది?"

"పన్నెండు పేర్లూ నా పేరున రాసివ్వండి. అప్పటిదాకా ఇక్కడే కుట్టుకుంటాను."

"ఇది ఆఫీసమ్మా."

"కొట్టు ఎక్కడైనా పెట్టుకోవచ్చన్నారుగా. ఇక్కడ పెట్టాను."

మొదటి రోజు అతను నవ్వి ఊరుకున్నాడు. మధ్యాహ్నం అఫ్రాజ్ యూనిఫాంలోనే క్యారేజీ తెచ్చి, పక్కన పెట్టి, భార్య మొహం చూసి, డ్యూటీకి వెళ్లాడు. మెట్లెక్కిన ప్రతివాళ్లనీ ఆమె అడిగేది. "ఏం పనండీ? సైటా? ఎన్ని పేర్లు అమ్ముతున్నాడు మీకు?" తరవాత ఒళ్లో దుస్తులు చూపించి, పూనాలో పడిన పిల్ల సంగతి చెప్పేది. గొంతు పెంచేది కాదు. రెండోరోజు మధ్యాహ్నానికి ముగ్గురు కొత్తవాళ్లు మెట్లు దిగిపోయారు. అప్పుడు పోయింది వేదవ్యాస్ నవ్వు.

"పోలీసుల్ని పిలుస్తాను."

"పిలవండి. ఈ బెంచీ అయినా, స్టేషన్లో బెంచీ అయినా నేను చెప్పేది ఇదే."

మూడోరోజు గుడివాడ నుంచి రామకోటేశ్వరరావు వచ్చాడు. చేపల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే యంత్రాలు అమ్ముతాడు. పెద్ద గొంతు, పెద్ద మనిషి. ఏడు పేర్లు కొని, ఆరు నెలలుగా ఫోన్ మోగక, అడగడానికి వచ్చాడు. షహజాది చెప్పింది విని బెంచీ మీద ఆమె పక్కనే కూలబడ్డాడు.

"ఎవరి పేరున ఉన్నాయో ఎలా తెలుస్తుందమ్మా?"

షహజాది రాగిణి వైపు చూసింది. రాగిణి బల్ల మీది కంప్యూటర్ తెరని చేత్తో తిప్పి, వాళ్లకి కనబడేలా పెట్టింది. "ఇది ఎవరైనా చూసుకోవచ్చండీ. రహస్యమేం కాదు," అంటూ ఆయన పేర్లు ఏడూ ఒక్కొక్కటే కొట్టింది. ఏడింటి కిందా వేదవ్యాస్ కంపెనీ పేరే. తరవాత షహజాది పన్నెండూ కొట్టింది. మదార్ సాహెబ్ పేరు కింద కూడా అదే కంపెనీ.

"రాగిణీ!" అని అరిచాడు వేదవ్యాస్.

"రేపటి నుంచి రానండీ," అంది రాగిణి.

రామకోటేశ్వరరావు లేచాడు. ఆయన అరుపుకి కింద బట్టల కొట్టులో గుడ్డలు చింపేవాళ్లు కూడా చేతులాపారు. "ఒరేయ్, నా తాత పేరు పెట్టుకున్న కొట్టురా అది! నా తాతని నీ పేరున రాసుకుంటావా?" షహజాది సూది ఆపి ఆయన్ని చూసింది. ఆయన ఎవరో, తనెవరో. అరిచింది మాత్రం తన మాటే.

ఆ మధ్యాహ్నం రాగిణి చేతే, అందరూ చూస్తుండగా, పేర్లు మార్పించాల్సి వచ్చింది వేదవ్యాస్‌కి. పన్నెండూ షహజాది పేరున, ఏడూ రామకోటేశ్వరరావు పేరున. అంతా అయ్యాక అతను చెమట తుడుచుకుంటూ, "ఇప్పటికైనా కోపం తగ్గిందా అమ్మా?" అన్నాడు.

"లేదు," అంది షహజాది. సంచి భుజాన వేసుకుని దిగింది.

అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. ఇంటికి రాగానే, వెంట వచ్చిన రాగిణితో ఆమె అన్నది, "ఆ పదకొండు పేర్లూ పారెయ్యి. ఒక్కటి ఉంచు." రాగిణి ఒప్పుకోలేదు.

"పారేస్తే ఆ ఫ్యాక్టరీ వాళ్లే ఎత్తుకుపోతారక్కా. ఆ పేర్ల మీదున్న లింకులూ పోతాయి. పదకొండింటినీ మీ నాన్నగారి పేరుకి మళ్లిద్దాం. ఏది కొట్టినా ఆ పేరు దగ్గరికే వచ్చి, పైన ఆ పేరే కనబడాలి. తాత్కాలికంగా కాదు, శాశ్వతంగా మారామని గూగుల్‌కి తెలిసేలా రాయాలి. తెల్ల సిరా రాతలు చెరిపేస్తాను. తప్పు జరిగింది, దిద్దుకున్నాం అని వాళ్లకి అర్జీ పెడదాం."

"అసహ్యించుకున్న పేర్లని ఏడాదికేడాది పోషించాలా?"

"కొన్నాళ్లు తప్పదు."

అది మింగుడు పడలేదు ఆమెకి. మిగతా అయిదు రోజులు ఇద్దరూ ఇంటర్నెట్ సెంటర్లోనే కూర్చున్నారు. ఫొటోలు ఇంకా వాడుకుంటున్న ఫ్యాక్టరీకి నోటీసులాంటి ఉత్తరం రాశారు. వాళ్లు జవాబివ్వలేదు కానీ వారంలో ఫొటోలు తీసేశారు. లింకులు పెట్టిన స్కూళ్లన్నిటికీ, పాత పేరే మళ్లీ పెట్టమని అడుగుతూ ముప్పైనాలుగు మెయిళ్లు. షహజాది తెలుగులో చెప్తుంటే రాగిణి ఇంగ్లీషులో కొట్టింది. ప్రతి దాంట్లోనూ "తప్పు నాది కూడా" అని రాయించింది షహజాది. పద్దెనిమిది మంది మార్చారు. మిగతావాళ్ల దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు.

జానకి గారి దుస్తులు అన్ని మడతలూ విప్పి, కొత్తగా కుట్టి, ఉత్తరంతో పూనా పంపింది. ఆవిడ జవాబు రాశారు. పిల్ల చెయ్యి అతుక్కుందనీ, జరిగింది అర్థమైందనీ, మీ మీద కోపం లేదనీ. కానీ మళ్లీ ఆర్డరు ఇవ్వలేదు. ఆ ఏడూ ఇవ్వలేదు, పై ఏడూ ఇవ్వలేదు. షహజాది అడగలేదు. ఆ జవాబు ఉత్తరాన్ని మాత్రం దాచుకోలేదు. చింపేసింది.

పదో రోజు మిషను మళ్లీ మొదలైంది.

ఏప్రిల్ గడిచింది. రోహిణి ఎండలు పోయాయి. కాలవలకి నీళ్లు వదిలారు. ప్రతి ఆదివారం వెళ్లి చూసేది, ఒట్టి చేతులతో వచ్చేది. ఆ ఆర్నెల్లూ చుట్టుపక్కల స్కూలు యూనిఫాంలు కుట్టింది. నిక్కర్లు కుడుతున్నంతసేపూ ఆమె దవడలు బిగిసే ఉండేవి. సెప్టెంబరులో ఒక ఆదివారం ఆరో పేజీలో మదార్ సాహెబ్ కనబడ్డాడు. సంక్రాంతి దాటాక రెండో పేజీ. 2007 వేసవికి మొదటి పేజీలో ఏడో వరస. ఫ్యాక్టరీ ఇంకా రెండో వరసలోనే ఉంది. దాన్ని చూసి మళ్లీ ఒళ్లు మండింది కానీ ఈసారి ఆ మంటతో ఎవరి దగ్గరికీ వెళ్లలేదు.

రాగిణి తన ఇంట్లోనే ఒక కంప్యూటర్ పెట్టుకుని పని మొదలెట్టింది. షహజాది సైటు పని ఆమెకే ఇచ్చింది. పని ఇచ్చింది గానీ వచ్చినప్పుడు ఏడాదిదాకా టీ ఇవ్వలేదు. రాగిణి అడగలేదు. రామకోటేశ్వరరావు ఎవరెవరికో చెప్పాడు. కైకలూరు నుంచి, తెనాలి నుంచి, ఊరూరి నుంచీ వ్యాపారస్తులు కాగితాలు పట్టుకుని వించిపేట సందులోకి రావడం మొదలైంది. "చూడమ్మా, ఇది ఎవరి పేరున ఉందో." ఆమె మిషను దిగి, ఇంటర్నెట్ సెంటరుకి తీసుకెళ్లి, తనే కొట్టి చూపించేది. వేరేవాళ్ల పేరు కనబడితే ఆ మనిషి కంటే ముందు ఆమె మొహం ఎర్రబడేది.

ఒకరోజు అలా తెనాలి ఆయన్ని పంపించి వస్తుంటే పక్కన నడుస్తున్న రాగిణి అడిగింది. "ఇంకా కోపమేనా అక్కా, వేదవ్యాస్ మీద?"

"వాడి మీదా? వాడు వ్యాపారి. అమ్మడానికొచ్చాడు." నాలుగడుగులు వేసి ఆగింది. "అబ్బాజాన్ పేరు చివర్లో ఉంచుదాం అన్నాడు. సరే అన్నది నేను. అఫ్రాజ్ వద్దన్నాడు. ఆ ఫ్యాక్టరీ వాడి మీద కోపంలో సంతకం పెట్టాను. ఆ సంతకం గుర్తొచ్చినప్పుడల్లా నా చెయ్యి నాకే నరకాలనిపిస్తుంది."

ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. కూచిపూడి నుంచి ఒక గురువు గారు ఏడుగురు ఆడపిల్లల్ని తీసుకుని కొలతలకి వచ్చారు. పిల్లలు మెట్ల మీద వరసగా కూర్చుని జామకాయలు తింటున్నారు.

"చేతులు కడుక్కుని రండర్రా, పట్టుకి మరకలవుతాయి," అని షహజాది లోపలికి వెళ్లి, టేపు మెడలో వేసుకుని, మొదటి పిల్లని మోకాళ్లు వంచి నిలబడమంది.

"రాగిణీ, పుస్తకం తీసుకుని రాసుకో. నడుము ఇరవై రెండు," అంది.

రాగిణి చెప్పులు విడిచి, లోపలికొచ్చి రాసుకుంది.